వెలిసిపోయిన నలుపు

ఘనాలోని కుమాసి సంతలో గుడ్డల కొట్టు ముందు, ఒకామె మొగుడు పోయిన మైలకి కట్టుకునే గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచింది.

“ఇదేం రంగు అక్కా?”

“నలుపేగా.”

“వెలుగులోకి తెచ్చి చూడు. నాలుగు ఉతుకులకే బూడిదైంది. నిన్న చుట్టాల చావింట్లో మా ఆడపడుచు చూసి, ‘మా తమ్ముడు పోయి ఆర్నెల్లు కాలేదు, నీ దుఃఖం అప్పుడే వెలిసిపోయిందా’ అంది. పదిమందిలో.”

“సబ్బు మరీ ఎక్కువ రుద్దావేమో.”

“ఎక్కువ రుద్దడానికి సబ్బేదీ? బిళ్ళ చిన్నదైంది, ధర పెద్దదైంది, నురగ రావడం మానేసింది.”

“ఏం చెయ్యను తల్లీ, నాకొచ్చే సరుకే ఇలా ఉంది. ఇంకోటి కావాలంటే ఇస్తాను. కానీ రేటు పెరిగింది.”

“రంగైనా పెరిగిందా?”

“లేదు.”

“ఏడాది నిండా నలుపు కడితేనే అత్తింట్లో నాకు గది. లేదంటే ఖాళీ చెయ్యమంటున్నారు. పిల్లల్నేసుకుని ఎక్కడికి పోను?”

కొట్టు ఆమె లేచి, తను కూర్చున్న పీట మీది గుడ్డ తీసి దులిపింది.

“ఇది కట్టుకో. మా ఆయన పోయినప్పటిది.”

“అబ్బ, ఎంత నలుపు! ఇన్నేళ్ళు కూర్చున్నా చెక్కుచెదరలేదే!”

“అప్పట్లో అలా అద్దేవాళ్ళు.”

“ఎంతిమ్మంటావు?”

“ఇది అమ్మేది కాదు. ఏడాది కాగానే ఉతికి తెచ్చివ్వు. మా అమ్మ మంచం పట్టింది. నా కొట్లో గుడ్డ కట్టుకుని ఆమెను సాగనంపలేను.”