దొరగారి వెనక తలుపు తాళంచెవి

నా వయసు ఇరవై మూడు. డిగ్రీ పాసయ్యాను. జిరాక్సు షాపులో పని చేస్తున్నాను. పై వాటాలో అమ్మతో ఉంటాను. కింది వాటా గడియారాల తాతది. ఆయన నాకు చుట్టం కాదు. వాచీలు బాగుచేస్తాడు కాబట్టి వీధంతా అలాగే పిలుస్తుంది. నేను ఆయన ఇంటి తాళం పగలగొట్టి విలువైన వస్తువులు మూటగట్టుకుపోయానని ఆయన తమ్ముడు ఇచ్చిన ఫిర్యాదు మీద ఎస్సైగారు అడగగా, ఎవరి బలవంతమూ లేకుండా, కనీసం టీ ఆశ కూడా లేకుండా చెబుతున్నాను.

తాత పదకొండేళ్లుగా ఒక ఇగువానాను పెంచుతున్నాడు. అది పచ్చటి పెద్ద బల్లి. ముక్కు నుంచి తోక కొసదాకా నాలుగున్నర అడుగులు. పనీపాటా లేకుండా రోజంతా వేడి దీపం కింద పడుకుంటుంది కనుక దాని పేరు దొరగారు. వాచీల పనికి వాడే సన్నటి పట్టకారుతో తాత దానికి మందార రేకులు ఒక్కొక్కటే అందించేవాడు.

మూడో తేదీ సోమవారం ఉదయం ఆరున్నరకు తాతను గుండెనొప్పితో ఆస్పత్రిలో చేర్చాం. ముందు తలుపు తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఒరేయ్, పొద్దున్నే దీపం వెయ్యి. ఆకుకూర కాడలు తీసి సన్నగా తరుగు, నువ్వు తినే సైజులో కాదు. వాడు ఈ చలికి తట్టుకోలేడు, ఒళ్లు చల్లబడితే తిన్నది అరగదు" అన్నాడు. గురువారం ఉదయం దాకా అలాగే చేశాను. దొరగారు నన్ను రెండుసార్లు తోకతో కొట్టారు. దానిమీద నేను ఫిర్యాదు ఇవ్వలేదు.

గురువారం సాయంత్రం ఆరింటికి షాపు నుంచి వచ్చేసరికి, తాత తమ్ముడు ముందు తలుపుకు కొత్త తాళం వేసి, కరెంటు మెయిన్ కట్టేసి బయల్దేరుతున్నాడు. లోపల బల్లి ఉంది, దీపం ఉండాలి అన్నాను.

"బల్లికి దీపమేంట్రా? గోడ మీది బల్లులకు ఎవడు పెడుతున్నాడు? అన్నయ్య వచ్చాక చూసుకుంటాడులే, పో."

నేను పోయాను. తర్వాత నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

శుక్రవారం నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి ఆస్పత్రికి వెళ్లాను. తాత ఒకటే అడిగేవాడు.

"తిన్నాడా?"

"తిన్నాడు తాతా."

ఆయనకు బెంగ పెట్టొద్దని డాక్టరు చెప్పారు. శుక్రవారం తిన్నాడన్నాను. శనివారం ఒక మందారం తిన్నాడన్నాను. ఆదివారం రెండన్నాను. సోమవారం గుమ్మడి తురుము కూడా అన్నాను. "కొవ్వెక్కుతాడు, కాస్త తగ్గించరా" అని తాత నవ్వాడు. మంగళవారం ఆయన అడగలేదు. నేనే చెప్పాను, తిన్నాడని.

పన్నెండో తేదీ బుధవారం ఉదయం పదకొండూ ఇరవైకి తాత పోయాడు. నర్సు నాకు ఆయన కళ్లజోడు పెట్టె ఇచ్చింది. తనకేమైనా అయితే పై వాటా కుర్రాడికి ఇమ్మన్నాడట. అందులో వెనక తలుపు తాళంచెవి ఉంది. చేరిన రోజు నుంచీ ఆయన తలగడ కిందే ఉంది. ఆ తలుపు సంగతి నాకు తెలుసు. తాళంచెవి అడగలేదు. అడగాలంటే ముందు తాళం మారిందని చెప్పాలి.

నేను లోపలికి వెళ్లింది ఆ తాళంచెవితోనే. పన్నెండూ ఐదయింది. ఇది నా ఫోనులో చూసిన టైము. తాత కీ ఇవ్వక గోడ గడియారాలు ఒక్కొక్కటి ఒక్కో టైములో ఆగిపోయాయి. దొరగారు దీపం కింద లేడు. పడమటి కిటికీ కింద, సాయంత్రం గంటసేపు ఎండపడే చోట ఉన్నాడు. పచ్చదనం పోయి బూడిదరంగుకు తిరిగాడు. ముట్టుకుంటే నేలా వాడూ ఒకే చల్లదనం. గురువారం పెట్టిన మందారాలు పళ్లెంలో ఎండిపోయి ఉన్నాయి.

మా అమ్మ దుప్పటిలో చుట్టి తీసుకెళ్లాను. మూట అంటే అదే. పాతిపెట్టిన చోటు చూపిస్తాను.

తాళంచెవి పెద్దాయనే ఇచ్చాడు కాబట్టి కేసు నిలవదు, వెళ్లమని ఎస్సైగారు అన్నారు. ఆస్పత్రిలో నేను చెప్పింది కూడా రాయమన్నాను.

"అబద్ధానికి సెక్షన్ ఎక్కడ తెమ్మంటావురా?"

"సెక్షన్ వద్దు సార్. రాయండి చాలు."

రాశారు. మొత్తం చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. ఇందులో శుక్రవారం నుంచి మంగళవారం దాకా తాతతో నేనన్న మాటలు తప్ప, మిగతాదంతా నిజం.

(సంతకం)