కరిగిన ఇనుము రంగు

ఆగస్టు ఎనిమిదిన, విడుదల రోజునే, వంజరం చేప వేపుడు తిని, సంబరంగా సినిమాకి వెళ్లడం గౌరినాయుడికి బాగా గుర్తు. అందులో కొలిమి దృశ్యాన్ని కంప్యూటర్లో తయారు చేసింది ఆయన కూతురు జ్యోతిర్మయి. నాలుగో రోజుకే హాళ్లు ఖాళీ అయ్యాయి. ఆ పిల్ల గది విడిచి రావడం లేదు. స్టీలు ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసిన ఆమె మేనమామ ఆ సాయంత్రం సినిమా చూసి నేరుగా వచ్చాడు.

“ఏటి బావా ఆ సినిమా! కళింగ రాజుకి డిటెక్టివేటి? ఆడు గెద్దనెక్కి దొంగని పట్టుకోడమేటి?”

“మెల్లగా బావా. పిల్ల వింటాది. ఉద్యోగం మానేత్తానంటంది.”

“విననీ! హంతకుడెవడో ఇంటర్వెల్‌కి ముందే నా పక్కోడు సెప్పీసేడు. మిగతాదంతా పొగే.”

“కొలిమి బాగుందన్నారు కదా అందరూ?”

“అందరూ ఫర్నేసు కాడ నిలబడ్డారేటి? కరిగిన ఇనుము టమాటా పచ్చడిలా ఎర్రగుంటాదా? అంత ఎర్రగుంటే అది గడ్డకట్టిపోయినట్టే. దాంతో కత్తి పోత పోసేడంట, మొనగాడు!”

బావ చెప్పులు వేసుకుంటుంటే లోపలి గది తలుపు తెరుచుకుంది.

“మరి ఏ రంగుంటాది మావయ్యా?”

“తెలుపే. కళ్లు సెదిరిపోయే తెలుపు. అంచునే పసుపు. కాయితం తే, సూపిత్తాను.”

ఆమె రంగు పెన్సిళ్లు కూడా తెచ్చింది. మేనమామ చెప్పులు వదిలేసి నేల మీద కూర్చున్నాడు. ఈ రాత్రికి ఆయన ఇక కదలడని గౌరినాయుడు వీధి తలుపు చప్పుడు కాకుండా మూసేశాడు.