మార్తమ్మ మూడు కుట్లు

"మార్తమ్మ గారూ, ఇది నా మాటండి. ఇకమీదట మా టవర్‌లో కడుపుతో ఉన్న ఏ అమ్మాయీ యూనిఫాం పట్టలేదని ఇంటికి వెళ్లదు." ఇట్ల అన్నడు మీ రంగనాథ్ సారు. పన్నెండో అంతస్తుల, ఏసీ గదిల, అందరు చప్పట్లు కొడుతుంటె అన్నడు. ఇప్పుడు ఆయన మేనేజరు కుర్చీల నువ్వు కూసున్నవు గనుక నీకు చెప్తున్న ప్రశాంత్ సారూ. నిలబడ్డవేంది, కూసో. స్టూల్ మీద దారం ముక్కలున్నయి, దులుపుకొని కూసో. కుట్టు సరిచెయ్యనీకె నువ్విచ్చిన యూనిఫాం అంగీల మూట అగో, మిషన్ పక్కనే ఉన్నది, యాడికీ పోలే. చాయ్ చెప్పిన, వస్తది. ఏమంటవ్, టైం లేదా? నిన్న దివ్యను ఇంటికి పంపనీకె దొరికింది కద టైం? ఆరో నెల పిల్ల. మీ రెండో అంతస్తు తుడిచే పిల్ల. గుండీలు పడ్తలేవు, క్లయింట్లు వస్తున్నరు, డెలివరీ అయినంక కనపడు అన్నవట. అప్పటిదాక ఆ నౌకరి ఆమె కోసం కూసుంటదా? పొద్దుగాల్నే వచ్చి, నువ్వు కూసున్న ఆ స్టూల్ మీదనే కూసొని ఏడ్చింది. ఏడ్వకు బిడ్డా అన్న గని, నాకే ఒళ్లు మండిపోయింది. అరవై ఎనిమిదేండ్లు నాకు, బీపీ గోలీలు మింగుతున్న, కోపం తెచ్చుకోవద్దని డాక్టరు చెప్పిండు. తెచ్చుకోకుంటె ఎట్ల? చెప్పు.

మా మార్తమ్మ ఉంటె ఈ ముచ్చట నాతోని కాదు, ఆమెతోని పడేది నీకు. నీ అదృష్టం, ఏడేండ్లాయె పోయి. నా భార్య. బోర్డు మీద దానియేలు టైలర్స్ అని నా పేరున్నది గని షాపు ఆమెదే. నేను మిల్లుల పని చేసి, జెండా మోసి, మిల్లు మూతపడినంక ఖాళీ చేతులతోని ఇంటికొస్తే, ఈ మిషన్ తొక్కి బతికించింది ఆమెనే. నేను అరిచిన నినాదాలన్ని నేర్చుకున్నది గని, దేన్నీ ఉన్నది ఉన్నట్టు అనేది కాదు. "సమాన పనికి సమాన జీతం అని గొంతు చించుకుంటరు, సమాన పనికి సమానంగ గుడ్డ ఏదయ్యా? మొగోని పొట్టకు బెల్టు మీద బెల్టు వదులు చేస్తరు, ఆడిదాని పొట్టకు గుండీ జరపరా?" అనేది. మా మీటింగులల్ల నాయకులు గంట సేపు మాట్లాడినా ఆ ఒక్క మాటంత సూటిగ ఎవరూ మాట్లాడలే. ఆ, చాయ్ వచ్చింది, తీస్కో. చక్కెర తక్కువ ఉంటది, ఏం అనుకోకు.

పన్నెండేండ్ల కింది మాట ఇది. మీ టవర్ల అడుగు పెట్టంగనే ముందర టేబుల్ కాడ సౌజన్య అని ఒక పిల్ల కూసునేది. ప్రొద్దుటూరు పిల్ల. వచ్చినోళ్లకు నవ్వుకుంట కార్డు రాసిచ్చే పని. ఏజెన్సీ నౌకరి. బూడిద రంగు ప్యాంటు, తెల్ల అంగీ, పైన కోటు. ఐదో నెల పడంగనే ప్యాంటు హుక్కు పడ్తలేదు. జడకు పెట్టుకునే రబ్బరు కాజాల దూర్చి, గుండీకి తగిలిచ్చి, కొన్ని దినాలు లాక్కొచ్చింది. ఒకనాడు లేచి గుడ్ మార్నింగ్ చెప్తుంటె రబ్బరు తెగిందట. రంగనాథ్ సారు పక్కకు పిలిచి, ఎంత నెమ్మదిగ చెప్పిండో, "చూడండి సౌజన్య గారూ, ఫ్రంట్ డెస్క్ అంటే మన టవర్ ముఖమండి. మీరు వెనక స్టోర్ రూమ్‌లో కూర్చోండి. కాదంటే ఇంట్లో రెస్ట్ తీసుకోండి, తప్పేముంది?" అన్నడట. జీతం లేని రెస్టు! ఎంత మర్యాద! తిట్టినా జర బాగుండు. ఆ పిల్ల ఇక్కడికొచ్చి, "అక్కా, నన్ను యెనకాల అట్టపెట్టెల కాడ కూర్చోమంటాండారు. నేనేమన్నా ఇరిగిపోయిన కుర్చీనా? పెద్దంగట్లో అడిగితే కడుపుతో ఉండేవాళ్ల డ్రెస్సు ఒగటే నా నెల బాడుగంత చెప్తాండారు" అని ఒకటే ఏడుపు. మార్తమ్మ ఏమన్నదంటె, "ముందు ముక్కు తుడ్సుకో. ఏడిస్తె కొలత తప్పు వస్తది. నీ బీరువల ఏమేమున్నయో తే. నీ మొగునివి గూడ తే." "నైటీలు ఉండాయక్కా, మా అత్త ఐదు కొనిచ్చింది." అంతే! మార్తమ్మ కత్తెర తీసి బల్ల మీద కొట్టింది చూడు, నా చేతుల సూది కింద పడ్డది. "కడుపొచ్చిందంటె చాలు, నైటీ తొడిగి, పైన టవలేసి, మూలకు కూసోబెట్టుడు! బిడ్డ పుట్టేదాక ఆడిదానికి మొహం లేదా? మెడ లేదా? నడక లేదా?" అని నన్ను చూసి అరిచింది. నైటీలు నేను కొనిచ్చినట్టు.

ఇగ ఆమె పని చూడాలె నువ్వు. ముందుగాల ఆ పిల్లను కుర్చీల కూసోబెట్టి కొలత తీసింది. నేనన్న, నిలబెట్టి తియ్యాలె గదనే? "తొమ్మిది గంటలు కూసునే మనిషిని నిలబెట్టి కొలుస్తె ఎవరికి సరిపోతది, గోడకా?" అన్నది. మిల్లు మూతపడినకాంచి నేను గూడ టైలర్నే, నాకా బుద్ధి పుట్టలే. అందుకే పొద్దున దివ్యకు చెప్పిన, నువ్వు తుడిచే మనిషివి, ఆ కర్ర పట్టుకొని ఒంగు బిడ్డా అని. ఒంగినప్పుడు వీపు మీద గుడ్డ ఎంత గుంజుతదో, పొట్ట కాడ ఎంత ఆపుతదో అప్పుడు తెలిసింది. మీ ఆఫీసుల ఎస్సు, ఎమ్ము, ఎల్లు అని మూడు డబ్బాలు పెట్టి అందులకు మనుషులను కుక్కుతరు. ఫోన్ మోగుతున్నది, ఎత్తు. ఎత్తవా? మంచిదే.

ఏం చెప్తున్న? ఆ, సౌజన్య. కొత్తగ కొన్నది ఏమున్నది, కోఠిల కట్ పీసుల కాడ రెండు ముక్కలు, గజమున్నర ఎలాస్టిక్కు, అంతే. ప్యాంటు ముందర భాగం అర్ధచంద్రం లెక్క కోసి, పాత బనియన్ గుడ్డ అతికింది. మెత్తగ పొట్ట మీదికి సాగుతది, పైన అంగీ కప్పుతది గనుక కనపడదు. మొగుని నిలువు గీతల చొక్కకు కాలరు తీసేసి, చేతులు సగానికి కోసి, ఎద కింద కుచ్చులు పెట్టి కుర్తా చేసింది. బూడిద రంగు కట్ పీసుతోని ఇంకో కుర్తా, మెడకు ఎర్ర అంచు. ఎర్రదెందుకే అంటె, "చూసేటోని కన్ను మొహం మీదికి పోవాలె, పొట్ట కాడ ఆగద్దు" అన్నది. పెండ్లి నాటి నూలు చీర ఒకటి, శుక్రవారం తొడుక్కునేటందుకు పొడుగు గౌను అయింది. కోటు గుండీలు పెట్టకుంట విడిచి, లోపల పొడుగు చున్నీ. ప్యాంటు ఒకటే, పైన మూడు. తిప్పి తిప్పి తొడిగితే వారమంత కొత్తగనే కనపడుతది. అసలు తెలివి పక్క కుట్టుల ఉన్నది. లోపల బెత్తెడు గుడ్డ వదిలి, మూడు వరసలు కుట్టింది. ఆరో నెల పడంగనే లోపలి కుట్టు విప్పు, ఏడుకు రెండోది విప్పు. ఆఖరుది గట్టి కుట్టు, దాన్ని ముట్టద్దు. పురుడు అయినంక విప్పిన రెండు మల్ల వేసుకుంటె అదే కుర్తా. పాలిచ్చేటందుకు ముందర కనపడని హుక్కులు. ఇగో, నేను చెప్తుంటెనే ఇంత సేపు పట్టింది, ఆమె నాలుగు దినాలల్ల కుట్టి ఇచ్చింది.

సోమవారం ఆ పిల్ల పోయి ముందర టేబుల్ కాడ కూసున్నది. రంగనాథ్ సారు వచ్చిండు, చూసిండు, మల్ల తిరిగి చూసిండు. ఆ గీతల కుర్తా, ఎర్ర చెవి కమ్మలు, తల ఎత్తుకొని! లిఫ్టు కాడ సాఫ్ట్‌వేర్ ఆడపిల్లలు ఆపి అడుగుడే, "యాడ కొన్నవ్? ఏ షాపు?" అని. నెల తిరగక ముందే ఈ గల్లీల కార్లు! నల్లగండ్ల నుంచి గూడ వచ్చేటోళ్లు, బ్యాగుల మొగుళ్ల చొక్కాలు పెట్టుకొని. మార్తమ్మ అందరికి ఒకటే ప్రశ్న, "కూసొని చేస్తవా, నిలబడి చేస్తవా నౌకరి?" అప్పుడు పిలిచిండు మీ సారు, పన్నెండో అంతస్తుకు. ఫొటోలు తీసిండ్రు. శాలువ కప్పిండ్రు. మాట ఇచ్చిండ్రు. ముందర టేబులోళ్లకు, తుడిచేటోళ్లకు, క్యాంటీనోళ్లకు అందరికి గర్భిణుల యూనిఫాం, కుట్టేది మార్తమ్మనే అన్నరు. అని, "మీ పేపర్ కటింగులు ఒకసారి ఇస్తే చూసి ఇస్తామండి" అన్నరు. కుర్తాల కొలత నమూనాలు అవి, న్యూస్ పేపర్ మీద కోసి పెట్టుకున్నవి, ఐదో నెల, ఆరో నెల అని పెన్సిల్‌తోని రాసి, రెండు నెలల కష్టం. నేనన్న, నకలు తీసి ఇయ్యవే పిచ్చిదానా. "కాగితం దాచుకొని ఏం చేస్తం? ఎంతమంది కుడితె అంతమంది ఆడోళ్లు పనిల ఉంటరు" అన్నది. బియ్యం సంచిల పెట్టి ఇచ్చి వచ్చింది. నినాదాలు నమ్మిన మనిషి గద. నేనే నేర్పిన. ఆ పాపం నాది గూడ.

మూడు నెలలు ఫోన్ లేదు. గేటు కాడికి పోతె, సారు మీటింగుల ఉన్నడు. మల్ల పోతె, మీటింగే. నాలుగో నెల మీ టవర్ కిందనే ఒక దుకాణం తెరిసిండ్రు, గాజు తలుపులు, పొట్ట పెట్టిన బొమ్మ, బొమ్మ మీద గీతల కుర్తా, మెడకు ఎర్ర అంచు. మార్తమ్మ లోపలికి పోయి ఆ కుర్తా తిరగదిప్పి చూసింది. పక్కన మూడు కుట్లు ఉన్నయి. లోపల గుడ్డ లేదు! అంగుళం గూడ లేదు! విప్పితే బట్ట చినిగిపోతది, అంతే. మూడు గీతలు చూసి అదేదో డిజైను అనుకున్నరు దొంగ నా కొడుకులు. ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెల్వలే, పక్కనున్న ఆమె భయపడి దూరం జరిగింది. దాని ధర చూస్తె సౌజన్య రెండు నెలల కిరాయి. ఇగ సౌజన్యనా? ఎనిమిదో నెలల ఏజెన్సీ మార్చిండ్రు. కొత్త ఏజెన్సీల కొత్తగ చేరాలె, చేరనీకె వస్తె పొట్ట చూసి వద్దన్నరు. ప్రొద్దుటూరు బస్సెక్కింది. పోయేటప్పుడు ఆ గీతల కుర్తానే తొడుక్కున్నది, రెండు కుట్లు విప్పి.

మార్తమ్మ ఊకుంటదా? కారు ఎక్కుతుంటె పట్టుకున్నది రంగనాథ్ సారును. ఆయన ఏమన్నడంటె, "అది పాలసీ మ్యాటరండి. కాంట్రాక్ట్ వాళ్లు మా రోల్స్‌లో ఉండరు కదండీ." ఆమె అడిగింది, "మీ మాట ఎవరి రోల్స్‌ల ఉంటది సారూ?" కారు అద్దం పైకి పోయింది. మీ లాబీల గోడ మీద నా గుప్పెడంత అక్షరాలు పెట్టిండ్రు, మనుషులే మా బలం అని. మార్చి ఎనిమిదికి తుడిచేటోళ్లకు తలకో గులాబి పువ్వు ఇస్తరు. ఆ పువ్వుల రేకులు రాలితె ఊడ్చేది గూడ వాళ్లే. ఏమంటవ్? నువ్వప్పుడు చిన్నపిల్లగానివా? అవును, ఉంటవు. రంగనాథ్ సారు తప్పు నీ మీద రుద్దుతలేను. నిన్నటిది ఎవరిది మరి? నిన్న దివ్యకు చెప్పిన నోరు ఎవరిది?

ఆఖరుకు కిడ్నీలు పోయినయి మార్తమ్మకు. దవాఖానల పన్నెండు దినాలు. మాట సరిగ వస్తలేదు. మందు ఎక్కియ్యనీకె ఒక నర్సు పిల్ల వచ్చేది, కడుపుతోని ఉన్నది. మార్తమ్మ నన్ను చెయ్యి పట్టి దగ్గరికి గుంజి అన్నది, "ఆ పిల్ల కోటు చంకల కింద పడ్తలేదు. విప్పి ఇయ్యి." ప్రార్థన చేస్తున్న పాస్టర్ గారు గూడ ఆగిండు. నేను పోయి ఆ పిల్లను అడిగిన, కోటు ఇస్తవా బిడ్డా అని. రాత్రి డ్యూటీ అయినంక ఇస్త అన్నది. తెల్లారేసరికి...

సరే. చాయ్ చల్లారింది, తాగు. నీ అంగీలు ముప్పై ఎనిమిది ఉన్నయి మూటల. నలభై ఇచ్చినవ్, నాకు తెలుసు. రెండు నేను కోసిన. పెద్ద సైజువి రెండు కోసి, కలిపి, దివ్యకు ఒకటి కుట్టిన. అదే రంగు, అదే మీ కంపెనీ బొమ్మ జేబు మీద. ఒంగితె పట్టది, నిలబడితె జారది, జూడనీకె నీ అంగీ కన్న బాగుంటది. లోపల బెత్తెడు గుడ్డ ఉన్నది, కావాలంటె తిరగదిప్పి చూసుకో. ఆ రెండింటి పైసలు నా కూలీల పట్టుకో, పోలీసులకు చెప్తె చెప్పు, నేను యాడికీ పోను. మిగిలినవి సరిచేసి ఇస్త. ఎందుకంటె అవి తొడుక్కునేది గూడ పని చేసేటోళ్లే. ఒక్కటే మాట నాకు జవాబు కావాలె. దివ్య ఇది తొడుక్కొని మీ గేటు కాడికి వస్తది. లోపలికి రానిస్తవా, రానియ్యవా? పురుడు అయినంక ఆ నౌకరి ఆమెదేనా, కాదా? మీ మేనేజ్‌మెంటును అడుగుతవో, ఏజెన్సీని అడుగుతవో, అది నీ ఇష్టం. నోటి మాట నాకద్దు, చప్పట్లద్దు, శాలువ అసలే అద్దు. కాగితం మీద, కింద నీ సంతకం. నీ అంగీలు ఇయ్యాల్సిన దినం, జులై ఇరవై రెండు దాక చూస్త.