ఉప్పు చూసే మనిషి

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక సందు. రంజాన్ నెల, శనివారం, సాయంత్రం ఐదు దాటింది. పొయ్యి మీద పెద్ద డేగిసాలో హలీం ఉడుకుతోంది. దాని ముందు ముగ్గురున్నారు: వండే నఫీసా, వండించేది తనేనని చెప్పుకునే ఆమె భర్త ఖాలిక్, ఊరూరా తిండి వెతుక్కుంటూ తిరిగి దాన్ని ఫోనులో లోకానికి చూపించే చక్రి. హైదరాబాదు నుంచి వచ్చిన ఈ మూడో మనిషి చేతిలో చెంచా ఉంది, తప్పించుకునే దారి లేదు.

“టెక్స్చర్ మాత్రం అద్భుతం అండి ఖాలిక్ గారూ. సిల్కులాగా ఉంది.”

“సిల్కు సంగతి బీసెంట్ రోడ్డు బట్టల కొట్లలో చూసుకుందాం. ఉప్పు చెప్పండి చక్రి గారూ.”

“చెప్తా, చెప్తా. ముందు ఆ గోధుమలు... ఎంతసేపు నానబెట్టారు?”

“రాత్రంతా. ఉప్పు?”

“మాంసం చూడండి, పోగులు పోగులుగా...”

“పోగులుగానే ఉంటది. పొద్దున ఏడింటి నుంచి కర్ర పెట్టి కుమ్ముతున్నా. ఉప్పు సరిపోయిందా, లేదా? ఒక్క ముక్క చెప్పండి చాలు.”

“అంటే... మీకేమనిపిస్తుంది?”

“నాకేమనిపిస్తదండీ, రోజా ఉన్నాను. తెల్లారుజాము నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మా నఫీసా కూడా అంతే. అందుకేగా మిమ్మల్ని పట్టుకుంది.”

“మీ వంట, మీ చెయ్యి. మీకు తెలియదా అని.”

“తెలుసనుకునే రెండేళ్ల కిందట మునిగాం. ఉప్పు ఎక్కువైంది. పగలంతా గుక్క నీళ్లు తాగని వాళ్లు మూడొందల మంది తిన్నారు దాన్ని. ఆ రాత్రి నమాజులో వెనక వరసలు రెండూ నీళ్ల కోసం లేచి పోయినాయి. ఇమామ్ గారు నా వంక చూసిన చూపు ఇంకా ఇక్కడ గుచ్చుకునే ఉంది.”

“అయ్యో.”

“మసీదు కమిటీ వాళ్లు అప్పుడే చెప్పేశారు. ఇంకోసారి తేడా వస్తే మా డేగిసా లోపలికి రానివ్వరంట. మా నాయన నాటి నుంచి వెళ్తున్న డేగిసా అండి ఇది. అందుకని బయటి మనిషి ఒకరు చూసి సరే అంటేనే మూత పెడతాం.”

“ఆ బయటి మనిషి ఇవాళ ఏడి?”

“ఎదురుగా ఇస్త్రీ కొట్టు బసవయ్య. బంగారం లాంటి నాలిక. కానీ ఇవాళ శనివారం. శనివారం గుడ్డు కూడా ముట్టడు.”

“ఇంకెవరూ లేరా?”

“శనివారాలకి శౌరయ్య ఉండేవాడు, పక్కింట్లో. ఈస్టరుకి ముందు వాళ్లకి నలభై రోజులుంటాయిగా, ముక్క మానెయ్యాలని. ఇన్నేళ్లూ ఆయన పట్టించుకున్న పాపాన పోలేదు. ఈ ఏడాది షుగరు వచ్చింది, దాంతోపాటు భక్తి కూడా వచ్చింది. చెంచా పట్టుకుని వెళ్తే తలుపేసుకున్నాడు.”

“అంటే సందు మొత్తంలో...”

“సందు మొత్తంలో ఇవాళ ఖాళీగా ఉన్న నాలిక మీదొక్కటే.”

“రోడ్డు మీద పోయేవాళ్లని పిలవొచ్చుగా?”

“పోయిన శనివారం పిలిచాం. ఎవరో పెద్దమనిషి, చేతిలో సంచీ. చెంచా ఇస్తే గిన్నె అడిగాడు. గిన్నె ఖాళీ చేసి సూపర్ అన్నాడు, పోయాడు. తినేవాడు వేరు, ఉప్పు చూసేవాడు వేరండీ. మీరు నాలిక మీద బతికే మనిషి. ఎంతమంది చూస్తారన్నారు, మీ ‘ముద్దకో ఊరు’ ఛానెలు?”

“నాలుగు లక్షలు.”

“నాలుగు లక్షల మంది నమ్ముతుంటే నేనొక్కణ్ణి నమ్మకూడదా? చెప్పండి.”

“సరే. నా ఉద్దేశంలో... బ్యాలెన్స్‌డ్‌గా ఉంది.”

“అంటే?”

“ఎక్కువా కాదు, తక్కువా కాదు.”

“అదీ మాట. నఫీసా, మూత పెట్టెయ్, విన్నావుగా.”

“మీరాగండి, మూత తర్వాత. బాబూ, చెంచా నోట్లో పెట్టుకున్నాక నా మొహం వంక ఎందుకు చూశారు?”

“ఊరికే అమ్మా. వండింది మీరు కదా అని.”

“తర్వాత ఈయన మొహం చూశారు. ఆ తర్వాత ఉప్పు డబ్బా చూశారు.”

“డబ్బా బాగుంది. పాతకాలందా?”

“మొన్నటి బిస్కట్ల డబ్బా. పోనీలెండి. డేగిసా అడుగున ఒకరకంగా ఉంటది, పైన ఒకరకంగా. ఇదిగో, ఈ చెంచా కూడా చూడండి. కొత్తిమీర వేసిచ్చా.”

“అబ్బ. ఇది ఇంకా... దీంట్లో నెయ్యి బాగా పలికిందమ్మా. మాంసం కరిగిపోయింది. ఆ మిరియం ఘాటు చివర్లో వచ్చి మెల్లగా...”

“ఉప్పు?”

“కరెక్టు. దీన్నే ఫిక్స్ చేసెయ్యండి.”

“అది మా కోళ్లకి కాచిన గోధుమ గంజి బాబూ.”

“కోళ్లకా?”

“నఫీసా, గుమ్మంలోకి వచ్చిన మనిషికి కోళ్ల గంజి పెట్టావా?”

“పెట్టా. దాంట్లో మాంసం లేదు, మిరియం లేదు, ఉప్పు రవ్వంత కూడా లేదు. కోళ్లే ముక్కుతో పక్కకి నెట్టేశాయి. ఈయనకి నెయ్యి పలికిందంట.”

“చక్రి గారూ, ఇదేందండీ?”

“ఖాలిక్ గారూ, నేను... కొంచెం నీళ్లు... వద్దులెండి, మీరు రోజా ఉన్నారు. నాకు రుచి తెలియట్లేదండి. ఏడు నెలలైంది. ఒక జ్వరం వచ్చింది, వారం ఉంది, పోతూ పోతూ రుచిని కూడా పట్టుకుపోయింది. వాసనా లేదు.”

“కారం కూడా తెలీదా?”

“మంటగా తెలుస్తుంది. వేడి, చల్లన తెలుస్తాయి. అంతే. మిగతాదంతా తడిసిన కాగితం.”

“మరి ఆ వీడియోలు? నిన్న మా కోడలు చూపించింది. హనుమాన్ జంక్షన్‌లో చేపల పులుసు కలుపుకుని కళ్లు మూసుకున్నారు కదండీ మీరు.”

“పక్క బల్ల మీద పెద్దాయన మూసుకున్నాడు, నేనూ మూసుకున్నా. అలాగే నడుపుతున్నానండి. పక్కవాడు ముక్కు తుడుచుకుంటే కారం గురించి మాట్లాడతా. వేళ్లు నాకితే నెయ్యి. అదే పనిగా నములుతుంటే ముక్క ఉడకలేదంటా. ఎవరూ ఏమీ చెయ్యకపోతే టెక్స్చర్ అంటా.”

“నాలుగు లక్షల మందిని...”

“మా సుస్మితకి కూడా చెప్పలేదు.”

“సుస్మిత ఎవరు?”

“నా భార్యండి. రోజూ కూర ఎలా ఉందని అడుగుతుంది, బాగుందంటా. మొన్న ఏడ్చింది. కూర మాడిపోయిందంట, నేను చాలా బాగుందన్నానంట. తనని మనిషిలా చూడట్లేదని ఏడ్చింది.”

“ఆ పిల్లకి చెప్పొచ్చుగా బాబూ.”

“ఏమని చెప్పనమ్మా? మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ నాలిక మీదే.”

“చక్రి గారూ, నాకొకటి అర్థం కాలేదు. రుచే తెలియనప్పుడు ఊరూరా ఈ తిరుగుడేంది? ఇంట్లో కూర్చుని తిన్నట్టు నటించొచ్చుగా, పెట్రోలు మిగిలేది.”

“వీడియోల కోసం కాదండి ఈ తిరగడం. ఎక్కడో ఒకచోట తగులుతుందని. పెద్ద హోటళ్లలో తగల్లేదు. అందుకని మ్యాపులో లేనివి, బోర్డు లేనివి వెతుకుతున్నా. గన్నవరంలో దిగి మూడు రోజులైంది, పదకొండు చోట్ల తిన్నా. నిన్న ఒక ఆటో అతన్ని అడిగా, మీరు రోజూ ఎక్కడ తింటారో అక్కడికే తీసుకెళ్లమని.”

“ఎక్కడికి తీసుకెళ్లాడు?”

“వాళ్లింటికి. వాళ్లావిడ కంగారుపడి ఉప్మా చేసింది.”

“ఎట్టా ఉంది?”

“బాగుందన్నా. నవ్వకండి ఖాలిక్ గారూ. ప్రతి చోటా మొదటి ముద్ద పెట్టుకునేటప్పుడు ఇదేనేమో అనుకుంటా. కాదని తెలిశాక కూడా నవ్వుతూ తినాలి. నాకు చాలా భయంగా ఉందండి.”

“నవ్వట్లేదండీ. ఒక్కమాట మాత్రం. మాకు బోర్డు ఉంది. పోయిన వానకి పడిపోయింది.”

“మీ బోర్డు సంగతి తర్వాత. ఆ అబ్బాయి మొహం చూడండి ముందు.”

“మొహం చూస్తే ఉప్పు తేలుద్దా నఫీసా? టైము చూడు, ఐదూ ఇరవై. గంటలో అజాన్, రోజా విడిచే వేళ. అవతల పళ్లేలు పరిచేస్తున్నారు. ఇప్పుడెట్టా?”

“మీరే చూడండి. నాలిక చివర పెట్టి ఉమ్మెయ్యండి. అవసరం పడితే తప్పులేదని ఇమామ్ గారు చెప్పారుగా.”

“నేనా? పోయినేడు ఏమైంది? నాలిక చివరే పెట్టా. ఉమ్ముదామనుకునే లోపల లోపలికి పోయింది. నేను మింగలేదు, అదే పోయింది. దానికి బదులు తర్వాత ఇంకో రోజా ఉన్నా. నువ్వు చూడు, నీకు నిగ్రహం ఎక్కువ.”

“నా రోజా జోలికి రావద్దు.”

“ప్రతి ఏడూ ఇదే మాట. వండేది నువ్వు. ఒక్క చుక్క నాలిక మీద పెట్టడానికి...”

“రావద్దన్నానా.”

“ఖాలిక్ గారూ, నేనొకటి చెప్పనా? మీరే పెట్టుకోండి. నేను మీ ఎదురుగా నిలబడతా. గొంతు కదిలితే చెప్తా. ఏడు నెలలుగా నాకు వచ్చిన పని ఇదొక్కటే, తినేవాళ్ల మొహాలు చూడటం.”

“మింగేస్తే?”

“మింగనివ్వను.”

“అల్లా, నువ్వే చూడు. ఇటివ్వు చెంచా.”

“చివర మాత్రమే. అంతే. నోరు మూయకండి. గొంతు కదులుతోంది ఖాలిక్ గారూ. ఆశ పడుతున్నారు, కళ్లల్లో తెలుస్తోంది. ఉమ్మండి. ఉమ్మండి అంటున్నా.”

“థూ. పోలేదు. ఒట్టు, ఒక్క చుక్క పోలేదు.”

“ఉప్పు తక్కువైంది కదా?”

“మీకెట్టా తెలిసింది?”

“పెట్టుకోగానే పై పెదవి సాగదీశారు. దేనికోసమో వెతుకుతున్నారు. సరిపోయిన మనిషి వెతకడు.”

“తక్కువేనండీ. బాగా తక్కువ. నఫీసా, గుప్పెడు వెయ్యి. కాదు, గుప్పెడున్నర.”

“వేశా. అడుగుదాకా కలిపా. ఇంకోసారి చూడండి.”

“ఇంకోసారా? ఒక్కసారికే ప్రాణం పోయింది.”

“నేనున్నాగా. పెట్టుకోండి. ఆ... అక్కడే ఆగండి. ఉమ్మండి. సరిపోయింది.”

“థూ. నా నోటితో నన్ను చెప్పనివ్వండయ్యా. సరిపోయింది. నఫీసా, సరిపోయింది.”

“మూత పెట్టనా?”

“పెట్టు. నేను నోరు పుక్కిలించి, మొయ్యటానికి మనుషుల్ని తెస్తా. చక్రి గారూ, మీరు కదలొద్దు. మసీదుకి పంపినాక మొదటి గిన్నె మీదే. నాలిక్కి తెలియకపోయినా కడుపుకి తెలుస్తదిగా.”

“వెళ్లిరండి ఖాలిక్ గారూ... అమ్మా, క్షమించండి. మీ డేగిసా ముంచబోయాను.”

“ముంచలేదుగా. కూర్చో బాబూ, ఆ స్టూలు లాక్కో.”

“నవ్వుతున్నారు మీరు.”

“ఉమ్మండి అంటున్నా అని అరిచావు చూడు. ముప్పై ఏళ్లలో ఆయన్ని అట్టా అదిలించిన మనిషిని నేను చూళ్లేదు.”

“మీకు తెలిసి ఎవరికైనా తిరిగొచ్చిందా అమ్మా? రుచి?”

“చాలామందికి. మా అక్క నసీమాకి రెండు నెలలకే వచ్చింది. బసవయ్యకి పోయింది, వచ్చింది. కాఫీలో చక్కెర చాల్లేదని ఇప్పుడు రోజూ గొడవ.”

“రాని వాళ్లు?”

“ఇంటికి పోయి ముందు సుస్మితకి చెప్పు.”

“నేనడిగింది అది కాదమ్మా.”

“నేను చెప్పేది అదే. మన నోరు పని చెయ్యనప్పుడు ఇంట్లో ఇంకో నోరు ఉండాలి. ఆ పిల్ల తిని చెప్తది, నువ్వు విను. మాడిన కూర బాగుందంటే ఎవరికైనా ఏడుపొస్తది.”

“చెప్తా. రేపు వెళ్లగానే చెప్తా. మిమ్మల్ని ఒకటి అడగనా? ఏడు నెలల్లో ఎంతమంది ముందు తిన్నానో. వంటవాళ్లు, హోటళ్ల వాళ్లు, మా అత్తగారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. మీరు ఒక్క చెంచాకి ఎలా పట్టేశారు?”

“మొహాలు చూశావుగా.”

“అందరి మొహాలూ చూస్తానమ్మా. ఎవరూ పట్టుకోలేదు.”

“వాళ్లకేం తెలుస్తది, వాళ్లెప్పుడూ అట్టా చూసి ఉండరు. మెల్లగా మాట్లాడు, ఆయన మలుపు దాకా వచ్చాడేమో. ఆ చూపు నాదే బాబూ. కరోనా రెండోసారి వచ్చినప్పటి నుంచి. ఐదేళ్లు.”

“మీకా? మరి ఈ హలీం... ఇంతమంది...”

“చెయ్యి వండుతది. ఆయన తిని సరిపోయింది అంటే సరిపోయినట్టు.”

“ఖాలిక్ గారికి తెలియదా?”

“తెలియదు. నువ్వూ చెప్పకు.”

“నన్ను మాత్రం సుస్మితకి చెప్పమన్నారు.”

“నువ్వు తినేవాడివి, చెప్పొచ్చు. నేను వండేదాన్ని. తెలిసిందంటే ఆయన నా మీద జాలిపడి బాగాలేనిది కూడా బాగుందంటాడు. అప్పుడు నాకు ఉప్పు సంగతి చెప్పే మనిషి ఎవరుంటారు?”