సొర నూనె వాసన

గెడ్డ మీది పాత ఉయ్యాల వంతెన దగ్గర కొత్త వాచ్‌మన్, పోలమ్మ చేపల గంపకు కర్ర అడ్డం పెట్టాడు.

"ఇప్పుడిది ఫొటోలు దిగే వంతెన పిన్నీ. సేపల వాసనొత్తే జనం రారు. రోడ్డు మీంచి తిరిగెల్లు."

"తిరిగెల్తే సంతకెల్లేసరికి సేపలు పాడైపోతాయి. రాళ్లు మోసే కూలీల కోసం కట్టారు దీన్ని. ఆ పని ఆగిపోయాక తుప్పట్టిపోతంటే ఎవులు కాపాడారనుకున్నావ్?"

"ఎవులు?"

"మా జాలారోళ్లే. పడవలకి రాసే సొరసేప నూనే ఏటేటా ఈ ఇనప తాళ్లకీ రాత్తాం. మొన్న వానల ముందు నానే రాసేను. వాసన సూడు."

అతడు తాడు పట్టుకున్న చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"ఏటి బాబూ, మరి వంతెన్ని కూడా గెంటేత్తావా?"

అతడు తేరుకునేలోపు పోలమ్మ గంపతో సగం వంతెన దాటేసింది.