పడమటి వరుసకు కూడా సోడా: అప్పసామి నాయుడు గారి ముప్పై అయిదేళ్ళ కొలువు

కిందటి నెల ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం, ఇంటి నుంచి వచ్చిన పెరుగన్నంలో దానిమ్మ గింజలు కనబడ్డాయని నేను మురిసిపోతున్న వేళ, మద్రాసు తపాలా వచ్చింది. నాకు పెళ్ళయి నలభై రోజులే అయింది గనుక ఈ మధ్య ఇంతింత వాటికే సంతోషం పొంగుకొస్తోంది. ఆ కవరు విప్పినప్పుడు మాత్రం నిజంగానే లేచి నిలబడ్డాను. ఈ జిల్లాలోని ఆసుపత్రులన్నిటిలోనూ కలరా రోగులందరికీ, ఏ భేదమూ లేకుండా, ఉప్పు గంజితో పాటు సోడా ఉప్పు ఇవ్వవచ్చునని ఉత్తర్వు. రెండోసారి చదివాక కోపం వచ్చింది. ఆ కోపం ఈ రోజుకూ తగ్గలేదు. అభినందన వ్యాసంలో కోపం ఉండకూడదని పెద్దలు అంటారు. కానీ దాన్ని దాచిపెట్టి అప్పసామి నాయుడు గారిని అభినందించడం నా చేత కాదు.

శ్రీ అప్పసామి నాయుడు గారు 1833వ సంవత్సరం జూన్ మూడో తేదీన, తమ ఇరవయ్యవ యేట, కంపెనీ వారి కొలువులో కట్లు కట్టే పనివారుగా మా మదుర ఆసుపత్రిలో చేరారు. వారిది మేలూరు దగ్గర నల్లరేగడి సేద్యం చేసుకునే కుటుంబం. ఇంగ్లీషు అక్షరాలు సీసాల మీది చీటీలు చూసి నేర్చుకున్నారు; తూకం, నూరుడు, వడపోత పాత కాంపౌండరు గారి వెనుక నిలబడి నేర్చుకున్నారు. చేరిన పదమూడేళ్ళకు తామే కాంపౌండరు అయ్యారు. తరువాత కొలువు కంపెనీ నుంచి రాణీగారికి మారింది. వారి గది మారలేదు, రోలు మారలేదు, తెల్లవారక ముందే వచ్చి రోగులను పేరు పేరునా పలకరించే అలవాటూ మారలేదు.

1859లో, చైత్రమాసపు చిత్తిర తిరునాళ్ళలో కలరా వచ్చింది. అప్పుడున్న డాక్టరు దొరగారు ఒక సంగతి గమనించి చెప్పారట: వాంతులు, భేదులు తగ్గినా కొందరు రోగులు కొలిమి తిత్తిలా లోతుగా, ఆగకుండా ఊపిరి లాగుతారు, వారి రక్తంలో క్షారం తరిగి ఆమ్లం పెరగడమే అందుకు కారణం కావచ్చు, సోడా పడితే తేరుకోవచ్చు. ఆ మాట చెప్పినది దొరగారే, కాదనను. అయితే అది నిజమో కాదో తేల్చే ఉపాయం మన అప్పసామి నాయుడు గారిది. వారి తండ్రిగారు కొత్త పత్తి విత్తనం దొరికితే చేనంతా చల్లేవారు కాదు. ఒక సాలు కొత్తది, పక్క సాలు పాతది వేసి, ఒకే మన్నులో, ఒకే వానలో ఏది నిలుస్తుందో చూసేవారు. ఆ పద్ధతినే వీరు కలరా కొట్టంలోకి తెచ్చారు. తూర్పు వరుస చాపలకు ఉప్పు గంజిలో సోడా కలిపి, పడమటి వరుసకు ఉత్త ఉప్పు గంజి. వచ్చిన వరసనే ఒకరు ఇటు, ఒకరు అటు. కులం చూడరాదు, సిఫారసు వినరాదు, జాలిపడి చాప మార్చరాదు. ఇసుక గడియారం పెట్టుకుని ఊపిరులు లెక్కపెట్టడం, మూత్రంలో ముంచిన ఎర్ర లిట్మస్ కాగితం నీలం అయ్యేదాకా సోడా ఇవ్వడం, అన్నీ స్వహస్తాలతో రాసిపెట్టడం వారి దినచర్య అయింది. మరుసటి యేడు దొరగారు సీమకు వెళ్ళిపోయారు. పుస్తకం వీరి చేతిలో మిగిలింది.

మూడేళ్ళలో వరుసకు నూట నలభై మూడు మంది. తూర్పున నలభై ఒకరు పోయారు. పడమట డెబ్బై తొమ్మిది మంది.

ఆ పుస్తకాన్ని మద్రాసులోని ఒక కార్యాలయానికి పంపితే, 1862లో నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. దేశీయుడైన కాంపౌండరు తన బంధువులను, తన వారిని సోడా వరుసలో పెట్టుకుని ఉంటాడు గనుక ఈ లెక్కలు నమ్మదగినవి కావు. ఇదే పద్ధతిన మళ్ళీ మొదలుపెట్టవలెను. అది తేలేంతవరకు సగం మందికి మించి సోడా ఇవ్వరాదు. రాసినవారు ఈ కొట్టంలో ఒక్క పూట నిలబడి ఉండరు. సోడా పనిచేస్తుందని తెలిసిన మనిషి, ఆ ఉత్తర్వుకు కట్టుబడి, ఇంకో ఆరేళ్ళు పడమటి వరుసకు ఉత్త గంజి పోశారు. ఆ ఆరేళ్ళలో పోయినవారి పేర్లు కూడా ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

నేను ఇక్కడికి వచ్చి రెండేళ్ళు. వైద్య కళాశాలలో చదివిన నాకు రోగి పక్కన కూర్చోవడం నేర్పినది వారే. మొన్న తై మాసంలో, సంక్రాంతి వెళ్ళాక, వాడిపట్టి నుంచి అయ్యసామి అనే రైతు కాలికి గొడ్డలి దెబ్బతో వచ్చాడు. కాంపౌండరు గారిని మాత్రం కట్టు కట్టనివ్వనన్నాడు. కారణం అడిగితే గోడ వైపు తిరిగి చెప్పాడు.

1860లో అతని భార్య ముత్తమ్మాళ్‌ను తిరునాళ్ళ నుంచి ఈ కొట్టానికే మోసుకొచ్చారు. ఆమె అప్పసామి నాయుడు గారి చెల్లెలు. తల్లి పోయిన ఆ పసిపిల్లను చంకనెత్తుకుని పెంచినది వీరే. వరస ప్రకారం ఆమెకు పడమటి చాప వచ్చింది. అయ్యసామి తన బావగారి కాళ్ళు పట్టుకున్నాడు.

“మచ్చాన్, ఒక్క చాప అవతలికి జరుపు. ఎవురు చూస్తారు?”

“నేను చూస్తా కదప్పా,” అన్నారట వీరు.

ఆ సాయంత్రానికే ఆమె పోయింది. ఎనిమిదేళ్ళుగా ఆ రెండిళ్ళ మధ్య మాటలు లేవు.

నేను పుస్తకం తీసి చూశాను. ‘వాడిపట్టి అయ్యసామి భార్య, ముత్తమ్మాళ్, ముప్పై రెండేళ్ళు, పడమర, మృతి.’ మన ఇళ్ళలో పెళ్ళయిన ఆడబిడ్డను మెట్టినింటి పేరుతో తప్ప రాయరు కదా. వీరూ అలాగే రాశారు. కనుక తన వారిని సోడా వైపు పెట్టుకున్నాడని నింద వేసిన కార్యాలయానికి, అతని సొంత చెల్లెలు ఏ వైపు పడుకుని పోయిందో తెలిసే దారి లేకపోయింది. ఒక్క వాక్యం రాస్తే చాలు. వీరు రాయలేదు. ఆ మౌనం మీద కూడా నాకు కోపం ఉంది. ఈ వ్యాసం వారి ఎదుటే చదువుతున్నాను గనుక దాచను.

అయ్యసామి వాంగ్మూలం తీసుకుని, గ్రామ మునసబు సంతకంతో, నేనే మద్రాసుకు పంపాను. పెద్దాయనను అడగలేదు. నాలుగు నెలలకు వచ్చిన ఉత్తర్వు ఇదే. అందులో సీమకు పోయిన దొరగారి పేరు మూడుసార్లు ఉంది, అప్పసామి అనే పేరు ఒక్కసారి కూడా లేదు. కొట్టంలో పనిచేసే వీరాయి అది విని, దొర సోడా కనిపెట్టినాడని, అదే సోడా ఉన్న చౌడు మన్నుతో గుడ్డలుతికే మా చాకలోళ్ళకు చెప్తే పొట్ట పట్టుకుని నవ్వుతారు సామీ, అని చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

ఉత్తర్వు చదివి వినిపించినప్పుడు వారు మందు నూరుతున్నారు. సంతోషిస్తారనుకున్నాను.

“సచ్చిపోయినదాన్ని సాచ్చెం చెప్పను పిలిస్తివా తంబీ?” అన్నారు.

రోకలి పక్కన పెట్టారు. “అయితే ఇంక పడమట కూడా సోడా పోయొచ్చునా?” అని అడిగారు. పోయవచ్చునని చెప్పాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. అప్పుడు లేచి వెళ్ళి, ఆ రోజు కొట్టంలో ఉన్న ఆరుగురికీ తామే సోడా కలిపి పోసి వచ్చారు. తిరిగి వచ్చిన మనిషి ముఖం చూసి, ఈ అభినందన పుస్తకంలో వారి పేరు పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాలని నిర్ణయించుకున్నాను: ఈ వైద్యం నిజమని తేల్చినవారు మదుర ఆసుపత్రి కాంపౌండరు అప్పసామి నాయుడు. మద్రాసు రాయకపోతే మనం రాస్తాం.

ఈ రోజుతో వారి కొలువు ముగిసింది. వారికీ, వారి ఇల్లాలు తిరుమలమ్మాళ్ గారికీ నిండు నూరేళ్ళ ఆయుస్సూ, నొప్పి ఎరుగని ఒళ్ళూ, కంటినిండా నిద్రా కలగాలని మేమందరం మనసారా కోరుకుంటున్నాం. విశ్రాంతి కూడా కోరదామనుకున్నాను, కానీ ఈ ఉదయమే కబురు వచ్చింది. వాడిపట్టిలో కలరా పొడచూపింది, పదకొండు ఇళ్ళు. కబురు పంపినది అయ్యసామి. మచ్చాన్‌ను రమ్మనమని, వేరెవరూ వద్దని.

రేపు తెల్లవారుజామున అతని బండి ఆసుపత్రి వాకిట్లో ఉంటుంది. సోడా మూటలూ, ఎర్ర కాగితాలూ ఈ రాత్రికే కట్టి పెడుతున్నాం. పెద్దాయన ముందు కూర్చుంటారు. వేరెవరూ వద్దన్నా, వెనుక మూటల మధ్య నేనూ వెళుతున్నాను.