విరిగిన రాకెట్ వారంటీ

తాత విరిగిన బ్యాడ్మింటన్ రాకెట్‌ను ఆటసామాన్ల కొట్టు బల్లమీద ధడాలున పెట్టాడు. తెల్లారితే మనవరాలికి ఫైనల్ ఆట.

"వారంటీ ఉందన్నారుగా, మార్చివ్వు."

కొట్టాయన బిల్లు చూశాడు. "విదేశంలో కొన్నది పెద్దాయనా. అక్కడికే వెళ్ళి అడగండి."

"ఆ కంపెనీ బోర్డే నీ నెత్తిమీద వేలాడుతోందిగా! పేరొకటే, మాట రెండా?"

"అరవకండి. అసలిది కంపెనీ తప్పే కాదు. తీగలు ఇంతలా బిగిస్తే చట్రం పగలదా? ఏ బుద్ధిలేనివాడు బిగించాడో!"

"మా కోడలు తీగలు లేకుండానే తెచ్చింది. మొన్న ఇదే బల్లమీద బిగించింది నువ్వే! పిల్ల ఇక చాలంటే, 'నాకే నేర్పుతావా' అని కసిరావు. చెప్పు, నీ చేతికి వారంటీ అడగాలంటే ఏ దేశం పోవాలి?"

కొట్టాయన గోడకున్న కొత్త రాకెట్ తీశాడు.

"ఈసారైనా పిల్ల చెప్పినంతే బిగించు!"